గుమ్మడికాయ మీద పడ్డ గిటారు

కృష్ణ ఒడ్డున లంకపేట చర్చిలో బేస్ గిటారు వాయించే ఏలీషా అని ఒకడుండేవాడు. వేళ్లు చురుకే గాని, ఏ పనైనా సగంలో ఆపేసి “ఇప్పటికి నడుస్తుందిలే” అనడం అతని అలవాటు. కుళాయి కారితే గుడ్డ చుట్టేవాడు. చెప్పు తెగితే పిన్నీసు పెట్టేవాడు. సైకిలు బ్రేకు పోతే కాలు నేలకి ఆనించి ఆపేవాడు.

ఆ గిటారు అతని సొంతం కాదు. సంఘంలో ఆడవాళ్లు రోజూ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక్కో గుప్పెడు పక్కకు తీసి, అలా మూడేళ్లు కూడబెట్టి కొనిచ్చింది. అందుకే ఏలీషా దాన్ని తుడవకుండా ఏనాడూ సంచిలో పెట్టేవాడు కాదు. తుడవడం వరకూ బాగానే ఉండేది.

గిటారు అడుగున ఒక గుండీ ఉంటుంది. భుజాన వేసుకునే పట్టీని దానికే తగిలిస్తారు. ఆ గుండీని చెక్కలో పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులైంది. ఏలీషా బిగించాడు. రెండు పాటలయ్యేసరికి మళ్లీ వదులైంది. మళ్లీ బిగించాడు. చివరికి ఎంత తిప్పినా ఊరికే తిరగసాగింది.

కోతపండుగ ముందు ఆదివారం దేవమణి అది చూసింది. ఆమె వడ్రంగి భార్య. భర్తతో పాటు తలుపులూ మంచాలూ బాగుచేసేది. నలుగురిలో నోరు విప్పేది కాదు. అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి మెల్లగా అంది.

“నాయనా, స్క్రూది తప్పు కాదు. కన్నం పెద్దదైపోయింది. ఇటివ్వు, పుల్లలు పెట్టి జిగురేస్తాను. ఒక్క రోజు ఆరాలి.”

“ఒక్క రోజే! సాయంత్రం ప్రాక్టీసుంది అత్తా. ఇప్పటికి నడుస్తుందిలే.”

జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, మడిచి కన్నంలో కుక్కి, స్క్రూ తిప్పాడు. “చూశావా, రాయిలా ఉంది!” అన్నాడు.

పండుగ రోజు చర్చిలో వేదిక మెట్ల దగ్గర వరికంకులు, అరటి గెలలు, కొబ్బరికాయలు కానుకలుగా పేర్చారు. దేవమణి తన పాక మీద కాసిన పెద్ద గుమ్మడికాయ తెచ్చి పెట్టింది. పాట ఊపందుకుంది. జనం చప్పట్లు కొట్టారు. ఏలీషా ఒళ్లు మరిచి ఊగాడు. టక్కుమని గుండీ ఊడింది. గిటారు భుజం మీంచి జారి, దభీమని గుమ్మడికాయ మీద పడింది.

“అయ్యో, మా గిటారు!” అని ఆడవాళ్లంతా లేచారు.

గుమ్మడికాయ రెండు చెక్కలైంది. గిటారు మెడ రాతిమెట్టుకి జానెడు దూరంలో ఆగింది. స్క్రూకి చుట్టుకున్న టిక్కెట్టు అందరి ముందుకూ దొర్లుకొచ్చింది.

“ఒరే ఏలీషా, ఆ టిక్కెట్టుతో గిటారు ఎందాకా పోతుందిరా?” అంది ముందు వరసలోంచి శాంతమ్మ.

అందరూ నవ్వారు. ఏలీషాకి మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడేళ్ల గుప్పెళ్లు ఆ మెట్టు మీద ముక్కలయ్యేవి కదా అనుకున్నాడు.

దేవమణి గిటారంతా తడిమి చూసి, “దెబ్బేం లేదు” అంది.

“నీ గుమ్మడికాయ పోయింది అత్తా.”

“పోవడమేంటి? దప్పళంలోకి కాస్త ముందే ముక్కలైంది, అంతే.”

ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందులో ఆ దప్పళం తిని, ఏలీషా గిటారు పట్టుకుని ఆమె ఇంటికెళ్లాడు. “నువ్వే చెయ్యి, నేను చెప్తాను” అంది దేవమణి. అతను అగ్గిపుల్లల తలలు తుంచి, జిగురులో ముంచి, కన్నం నిండా బిగువుగా దూర్చాడు. పైకి వచ్చిన కొసలు కోసేశాడు. గంట గడిచింది.

“ఆరినట్టుంది. బిగించేయనా అత్తా?”

“పైన ముందు ఆరుతుంది నాయనా. లోపల ఆరిందో లేదో నీకు కనపడదు.”

ఇంతలో పక్క ఊరి పాటల జట్టు ఆటోలో వచ్చింది. “పెద్ద స్టేజీ, పెద్ద మైకుసెట్టు! గిటారు పట్టుకుని ఎక్కు ఏలీషా!” అన్నారు. అలాంటి స్టేజీ ఎక్కాలని అతనికి ఎన్నాళ్ల కోరికో. చెయ్యి స్క్రూ దాకా వెళ్లింది. “ఇప్పటికి న...” అని, నాలుక కరుచుకున్నాడు.

“ఈ రోజు రాలేనన్నా. గిటారు ఆరుతోంది.”

“ఆరడానికి అదేమన్నా చొక్కానా!” అని వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారు. దేవమణి చాటుగా నవ్వుకుని, అతనికి టీ పెట్టింది.

మర్నాడు సాయంత్రం సన్న మేకుతో చిన్న కన్నం చేసి, స్క్రూ నెమ్మదిగా తిప్పాడు. కిర్రుమంటూ అది చెక్కని పట్టుకుంది. దేవమణి పట్టీని రెండు చేతులా లాగి చూసింది. గుండీ కదల్లేదు. క్రిస్మస్ పాటలన్నీ అయిపోయినా కదల్లేదు. స్క్రూ బిగించిన రోజే, ఇంటికెళ్లగానే ఏలీషా కుళాయికి చుట్టిన గుడ్డ విప్పి, కొత్త వాషరు వేశాడు.

ఇందులో మనం నేర్చుకోవలసిందేమిటంటే, వదులైన దాన్ని పైపైన కప్పితే అది సరిగ్గా సమయానికి మోసం చేస్తుంది. లోపలి నుంచి బాగుచేసి, ఆరేదాకా ఓపిక పట్టినవాడి పనే నిలుస్తుంది.