ఉత్తరానికి తల పెట్టిన మంచం

ఉదయం ఆరుంబావుకు ఇల్యాస్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, హుసేనయ్య అరికాళ్లు తాకి చూశాడు. చల్లగా ఉన్నాయి.

నయంకాని జబ్బులతో ఉన్న ముసలివాళ్ల కోసం ఖుద్దూస్ బాబా నడిపే ఇల్లు అది. నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, పక్కన కూర్చోవడం, అక్కడ జరిగే వైద్యం ఇంతే. ఇల్యాస్ పట్నంలో యునానీ చదివి బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు. ఎవరు ఎంతకాలం ఉంటారో చెప్పడంలో అతని మాట తప్పలేదు. కాళ్ల చల్లదనం, ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం, దుప్పటి అంచు పీకే వేళ్లు, ఆగిపోయిన తిండి. అతను చూసేవి ఇవే.

చివరి ఘడియ దగ్గరపడిన మనిషి మంచాన్ని తల ఉత్తరానికి వచ్చేలా తిప్పి, మనిషిని కుడిపక్కకు ఒరిగించడం ఆ ఇంటి ఆచారం. అప్పుడు ముఖం నమాజు చేసే దిక్కైన కిబ్లా వైపు, పడమటి గోడకు ఉంటుంది. మిగతా మంచాలన్నీ వాకిలి వైపు చూస్తుంటాయి. ఎవరి మంచం తిప్పాలో చెప్పేది ఇల్యాసే.

హుసేనయ్య ఒకప్పుడు దూది ఏకి పరుపులు కుట్టేవాడు.

“శుక్రవారం మా చెల్లెలు బళ్లారి నుంచి వస్తాది. హాస్టల్లో వంటమనిషి, ముందే రావాలంటే సెలవియ్యరు. అంతవరకు ఉంటానా హకీం?”

అది మంగళవారం. ఇల్యాస్ అబద్ధమాడడు. వంటచేసే ఖాసింబీని పిలిచాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి మంచం తిప్పారు. హుసేనయ్య కళ్లు మూసుకున్నాడు.

“గురువారం దాటడు బాబా,” అన్నాడు ఇల్యాస్ గురువుతో. “నేను చెప్పింది ఎప్పుడైనా తప్పిందా?”

“లేదు,” అన్నాడు బాబా.

మధ్యాహ్నం నమాజు చేసి ఇల్యాస్ తన గదికి వచ్చేసరికి, అతని మంచం తల ఉత్తరానికి ఉంది.

ఊడ్చేటప్పుడు ఎవరో జరిపి ఉంటారనుకున్నాడు. భోజనానికి వెళ్తే అతని కంచం వేయలేదు. ఖాసింబీ అతని ముఖం చూడకుండా, “పడుకో నాయనా, ఇప్పుడెందుకు తిరగడం?” అంది.

ఆ ఇంట్లోనే ఉంటున్న మెహబూబ్‌బీ అవ్వ రోజూ అతన్ని, “ఏం హకీం, నా టికెట్టు ఎప్పుడు కొడతావు?” అని ఏడిపించేది. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతని కూజాలో నీళ్లు లేవు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులను ఎవరో తీసి ఓ మూల బోర్లించారు. అతను దగ్గరికి వస్తే మాటలు ఆగిపోతున్నాయి.

గదిలో కూర్చుని తన నాడి తానే పట్టుకున్నాడు. మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టనిపించింది. మళ్లీ చూశాడు. మళ్లీ తప్పింది. అరికాళ్లు తాకాడు. చల్లగా ఉన్నాయి. కాసేపటికి కిందికి చూస్తే, తన వేళ్లు దుప్పటి అంచు పీకుతున్నాయి.

పొద్దు వాలుతుండగా బాబా దగ్గరికి వెళ్లాడు.

“నా మంచం ఎవరు తిప్పారు?”

“నేనే.”

“నాలో ఏం చూశారు బాబా?”

“ఇవాళ ఏం తిన్నావు?”

“మధ్యాహ్నం తినలేదు. ఇప్పుడు ఆకలి కూడా లేదు.”

“హుసేనయ్య ఏం తిన్నాడు?”

 ఇల్యాస్ వంటింట్లోకి వెళ్లి గంజి వెచ్చచేశాడు. హుసేనయ్య మంచాన్ని ఒక్కడే ఈడ్చి వాకిలి వైపు తిప్పాడు.

“ఇంకా ఉండానా?” అన్నాడు ముసలాయన.

“నోరు తెరువు పెద్దాయనా, చల్లారిపోతుంది.”

శుక్రవారం చెల్లెలు వచ్చింది. తన దిండులో దూది ఉండలు కట్టిందని, ఇక్కడ ఎవరికీ పనితనం తెలియదని హుసేనయ్య ఆమెకు చాడీలు చెప్పాడు. ఆదివారం సాయంత్రం అసర్ నమాజు వేళకు పోయాడు.

కొన్ని రోజుల తర్వాత, కందిపప్పు ఏరుతున్న ఖాసింబీని ఇల్యాస్ అడిగాడు. కంచం వేయొద్దని, కూజా నింపొద్దని ఆ రోజు బాబానే చెప్పాడా?

“బాబానా?” ఆమె చేట దించింది. “ఆయన మాకేం చెప్పలేదే. నీ మంచం చూశాం, అంతే.”