అడ్డ గొట్టం వేయించిన అన్నదమ్ములు

మా అత్తవారింట్లో ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురూ తెలివైనవాళ్ళే. నేను అనడం లేదు, వాళ్ళే అంటారు.

"ఎలా చెబితే అలా చెయ్యడమే తెలివంటే," అంటారు మా బావగారు నూకరాజు గారు.

"అక్షరం పొల్లు పోకూడదు," అంటారు మా ఆయన.

మరిది పోలినాయుడు తల ఊపుతాడు. ఆపమని చెప్పకపోతే సాయంత్రం దాకా ఊపుతాడు.

మా అమ్మాయి పైడికి నెలలు నిండాయి. పట్నం డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. "బీపీ ఎక్కువగా ఉంది. నొప్పులు మొదలవగానే తీసుకురండి. దారిలో పిల్ల ఉలిక్కిపడకూడదు."

మా కారేమో ఉలిక్కిపడేలా చెయ్యడానికే పుట్టింది. జమీందారు గారి షెడ్డులోంచి తెచ్చిన పాతకాలపు దొరల కారు. ఇంజినులో ఇటు నాలుగు సిలిండర్లు, అటు నాలుగు. ఇటో సైలెన్సర్ గొట్టం, అటో గొట్టం. స్టార్ట్ చేస్తే రెండూ పోట్లాడుకున్నట్టు డబడబ డబ్. ఊరి చివర మిట్ట ఎక్కమంటే ఎక్కదు.

మెకానిక్ ఖాసిం కిందికి దూరి చూశాడు. "రెండు గొట్టాల్నీ కలిపే అడ్డ గొట్టమే లేదు నాయుడు గారూ. ఒక వైపు పొగ ఒత్తిడి పెరిగితే రెండో వైపుకి సర్దుకోవాల. దారి లేక తన్నుకుంటోంది. మధ్యలో అడ్డ గొట్టం పెట్టండి. రొద తగ్గుద్ది, లాగుడూ పెరుగుద్ది."

అంతే. బోరింగు గొట్టం ముక్క తెచ్చి మధ్యలో పెట్టారు. తాడుతో కట్టారు. స్టార్ట్ చేశారు. తాడు కాలింది. గొట్టం ఊడి పోలినాయుడి కాలి మీద పడింది.

"పెట్టమన్నాడు, పెట్టాం," అన్నారు మా ఆయన.

"ఉండమని దానికెవరూ చెప్పలేదు," అన్నారు బావగారు.

ఖాసిం మళ్ళీ వచ్చాడు. "లోపల దారేదండీ? పొగ ఎలా పోద్ది? ముందు గొట్టాలకి బెజ్జాలు పెట్టాల."

ఇంకేముంది! డ్రిల్లు తెచ్చారు. లోపలి వైపు చెయ్యి దూరడం లేదని బయటి వైపు పెట్టారు. ఒకటేం చాలుతుందని ఇరవై పెట్టారు. స్టార్ట్ చేశారు. కోళ్ళు ఇంటి కప్పెక్కాయి. గేదె పలుపు తెంపుకుని పోయింది. పైడి కడుపు పట్టుకుంది.

"భలే దారి పెట్టాం ఒదినా!" అని అరిచాడు పోలినాయుడు. "పొగ ఇటూ పోతోంది, అటూ పోతోంది!"

నేను పిల్లకి మంచినీళ్ళిచ్చాను.

ఖాసిం తల పట్టుకుని, నేల మీద పుల్లతో గీసి చూపించాడు. "ఇదిగో, నిచ్చెన మెట్టులా అడ్డంగా వేస్తే గొంతు బొంగురుగా, నిదానంగా ఉంటది. ఇలా కత్తెరలా కలిపితే ఒక వైపు పొగ రెండో వైపు పొగని లాక్కుపోద్ది. గొంతు సన్నబడుద్ది, పరుగు మీద లాగుడెక్కువ. ఏది కావాలో తేల్చుకోండి, రేపొస్తా."

బావగారు నిచ్చెనన్నారు. మా ఆయన కత్తెరన్నారు. కండువాలు పట్టుకునేదాకా వచ్చింది.

"రెండూ వేద్దాం," అన్నాడు పోలినాయుడు.

అంతే. అటక నిచ్చెన తీసి కారు కింద బిగించారు. నా కుట్టు కత్తెర ముందు వేలాడదీశారు. నిచ్చెన నేలకి ఆని వెనక చక్రాలు పైకి లేచాయి. గాల్లో గిర్రున తిరిగాయి.

"చూశావా, నేలకి తగలకుండా పరిగెడుతోంది!" అన్నారు మా ఆయన.

కారు ఉన్నచోటే ఉంది.

మర్నాడు ఖాసిం ముగ్గుర్నీ అరుగు మీద కూర్చోబెట్టి, "కదలొద్దు," అన్నాడు. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. పాత గొట్టాలు కోసేసి, కొత్తవి కత్తెరలా కలిపి వెల్డింగ్ చేశాడు. స్టార్ట్ చేశాడు. సన్నటి మూలుగు. అంతే.

ఆ మధ్యాహ్నమే నొప్పులు మొదలయ్యాయి. వెనక సీట్లో పైడీ నేనూ. మిట్ట ఇట్టే ఎక్కేసింది. కాలవగట్టు మీదికొచ్చాం. గట్టు చివరే ఆస్పత్రి. మా ఆయన చెవి రిక్కించారు.

"అన్నయ్యా, డబడబ లేదు."

"ఆగిపోయిందిరా!"

"అయితే నెట్టాలి!" అన్నాడు పోలినాయుడు.

ఇంకేముంది! ముగ్గురూ దిగారు. స్టీరింగు వదిలేసి మా ఆయనా దిగారు.

"ఏవండీ! కారు నడుస్తోంది!" అన్నాను.

"మేం నెడితే నడవదా మరి!" అన్నారు వెనక నుంచి.

ఇదివరకు యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చచ్చే కారు, ఇప్పుడు తనంతట తను పాకుతోంది. వాళ్ళు వెనక పరుగు. "ఎంత తేలికైపోయిందిరా!" అని ఒకటే మురిపెం.

నేను ముందుకి వంగి స్టీరింగు పట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగి పట్టింది లేదు. ఇటు కాలవ. అటు పల్లం. పైడి నా కొంగు పట్టుకుని "అమ్మా," అంది. ఆస్పత్రి ముందు ఇసక గుట్టకి ఆనుకుని కారు ఆగింది. మెత్తగానే.

పైడిని పట్టుకుని లోపలికి నడిపించాను.

గంటకి ఆడపిల్ల పుట్టింది. పైడి క్షేమం. వరండాలో గోడకి చేరగిలబడ్డాను. ఇక భయం లేదనుకున్నాను.

లోపల పసిగుడ్డు ఏడుపందుకుంది. ఆస్పత్రి దద్దరిల్లింది. అన్నదమ్ములు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. బావగారు లోపలికి తొంగి చూసొచ్చారు.

"ఇదే లోపం. ముక్కుకి రెండు గొట్టాలున్నాయి. మధ్యలో దారి లేదు."

నేను లేచేలోపు పోలినాయుడు మాయమయ్యాడు. కాసేపటికి ఖాసింని, వెల్డింగ్ మిషనుతో సహా, పురుళ్ళ వార్డు గుమ్మంలో నిలబెట్టాడు.

మా ఆయన ఎదురెళ్ళారు.

"ఈసారి గొడవేం లేదు ఖాసిం, తేల్చుకున్నాం. కత్తెరలాగే వెయ్యి. ఆడపిల్ల కదా, గొంతు సన్నగా ఉండాలి."