ఇప్పచెట్టు కింద వెన్నెల

అందయ్యకి గురువు మీద పీకలదాకా కోపంగా ఉంది.

ఆ కొండగూడెంలో వేట రోజు చెప్పేవాడు ముర్రయ్య. ఆయన సరేనంటేనే ఎవరి విల్లయినా గోడ మీంచి కిందికి దిగుతుంది. ముసలాయన ఈ ఏడు ఆ పని శిష్యుడు అందయ్యకి అప్పజెబుతాడని గూడెమంతా అనుకుంటోంది. తీరా అందయ్య "పున్నమికి వెళ్దాం" అనేసరికి ముర్రయ్య అడ్డంగా తలూపాడు.

"ఇప్పపూలు రాలే నెలలో వెన్నెల వేట వద్దురా."

"ఎందుకొద్దు మావా? పూల కోసం ఎలుగుబంట్లు చెట్టు కిందికే వస్తాయి. వెన్నెలుంటే పట్టపగలే కదా! నీకు చూపు ఆనక భయపడతన్నావు గానీ, నాకు కళ్లున్నాయి."

నోరు జారాడు. విన్నవాళ్లు నాలిక్కరుచుకున్నారు. ముర్రయ్య మాత్రం కోప్పడలేదు.

"సరే, నేనూ వస్తా పద. ఆ కళ్లు సరిగ్గా చూస్తే ఇకనుంచి వేట రోజు నువ్వే చెప్పు."

పున్నమి రాత్రి అందయ్య గురువు గుడిసెలోనే పడుకున్నాడు. తొలికోడి కూయకముందే ఇద్దరూ అడవిలోకి వెళ్లి ఒక పొదచాటున కూర్చున్నారు. వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. అందయ్య చెప్పినట్టే కాసేపటికి ఇప్పచెట్టు కింద నల్లగా ఎలుగు కదిలింది. నేలకి వంగి, మెల్లగా జరుగుతూ పూలు తింటోంది.

అబ్బ, అందయ్య సంబరం చూడాలి! చూశావా అన్నట్టు గురువు వైపు కళ్లెగరేసి, విల్లు చెవిదాకా లాగాడు.

ముర్రయ్య చెయ్యి చాపి బాణం మొనని గుప్పిట్లో పట్టేసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారింది.

"మతిపోయిందా మావా?" అందయ్య పళ్లు కొరుకుతూ గుసగుసలాడాడు. "వదులు, అది పారిపోద్ది!"

ముసలాయన వదల్లేదు. చెట్టు వైపు తిరిగి మామూలు గొంతుతో పిలిచాడు.

"బుద్రమ్మా, గంప నిండిందా?"

ఎలుగు నడుం పట్టుకుని లేచి నిలబడింది. తల మీది నల్ల గొంగడి వెనక్కి తోసుకుంది.

"ఎక్కడ నిండుద్దన్నా! తెల్లారాక వస్తే దుప్పులు ఒక్క పూవు మిగల్చవు. వెన్నెలుంటే పట్టపగలే కదా అని లేచొచ్చా. మావోడికి చెప్పమాకు, ఒంటరిగా వచ్చానని అరుస్తాడు."

అది అందయ్య తల్లి.

అందయ్య చేతిలోంచి విల్లు జారిపోయింది. ముసలాయన చెయ్యి అడ్డం రాకపోయుంటే! కన్నతల్లిని, తన చేతులతో!

ముర్రయ్య గాయాన్ని పంచె అంచుతో అదిమిపట్టుకున్నాడు.

"ఏటా ఈ నెలలో మీ అమ్మ ఈ చెట్టు కిందికే వస్తుందిరా. ఇప్పుడు చెప్పు. వేట ఎప్పుడు?"

అందయ్య కిందపడ్డ విల్లు తీసి దాని తాడు విప్పేశాడు. తడబడుతూ చెట్టు కిందికి వెళ్లి, తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని పూలు ఏరసాగాడు.

"ఓరి నాయనో, నువ్వెప్పుడొచ్చావురా?" బుద్రమ్మ ఉలిక్కిపడింది.

అందయ్య గుప్పెడు పూలు గంపలో పోసి అడిగాడు.

"అమ్మా, ఈ పూలు ఎప్పటిదాకా రాలతాయి?"

పొదచాటు నుంచి ముర్రయ్య గొంతు వినిపించింది.

"ఆఁ, అదిరా ముందు అడగాల్సింది."