మూడు గుడ్డల ఉత్తరం

"తెలివంతా మా ఇంటికే వచ్చేసింది, పాపం పక్కవాళ్ళకి మిగల్లేదు" అనేవాడు మజిలీ ఇంటి సింగన్న. తమ్ముళ్ళు ముగ్గురూ తలలూపేవారు.

వాళ్ళది చాటు తపాలా. ఉత్తరాన్ని మూడు గుడ్డల్లో ఒకదాని మీద ఒకటి కుట్టేవారు. మజిలీకి ఒక్క గుడ్డే విప్పాలి. కింద గుడ్డ మీద తర్వాతి మజిలీ పేరుంటుంది. అందుకని ఎవరు ఎవరికి రాశారో దారిలో తెలియదు.

విప్పేది సింగన్న ఒక్కడే. "రహస్యాన్ని చూడకూడదు" అని తండ్రి చెప్పాడని కళ్ళు మూసుకుని విప్పేవాడు. తమ్ముళ్ళు వరసగా కూర్చుని చూసేవారు. ఉత్తరాలు దూలం దాకా పేరుకుపోయాయి.

ఆ కుప్పలో ఆ ఊరి నూకాలమ్మ అర్జీ ఉంది. చెవిన కలం పెట్టుకు తిరిగే కరణం శుక్రవారం ఊరి మేతబీడుకు కంచె వేసేస్తాడు. ఈలోగా అర్జీ తాసీల్దారుకు చేరాలి. రాసింది తనని తెలిస్తే కరణం ఆమెను ఊళ్ళో ఉండనివ్వడు.

"నాయనా, నా పేరు దాచారో లేదో నాకొచ్చి చెప్పండి, అప్పటిదాకా నిద్రపట్టదు" అంది నూకాలమ్మ.

తపాలా మోసే ఎర్రయ్య కుప్ప చూసి విసుక్కున్నాడు. "ఒక్కడే ఎందుకురా, నలుగురూ కలిసి విప్పండి."

అంతే. ఒక్క ఉత్తరం మీద ఎనిమిది చేతులు పడ్డాయి.

"నీ చెయ్యి తియ్యరా."

"తీస్తే కలిసి ఎలా అవుతుందన్నా?"

సాయంత్రానికి ఒక్క కుట్టూ ఊడలేదు.

"అలా కాదర్రా, పని పంచుకోండి" అన్నాడు ఎర్రయ్య.

ఇంకేముంది. నూకాలమ్మ ఉత్తరం తీసుకుని సింగన్న పై గుడ్డ విప్పాడు, రెండోవాడు రెండోది, మూడోవాడు మూడోది. ఆఖరివాడు పైడన్నకు గుడ్డ మిగల్లేదు. ఉత్తి అర్జీ పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"ఉత్తరానికి బట్టల్లేవన్నా."

సింగన్న ఆలోచించాడు. "మనమే గుడ్డలం."

అంతే. పైడన్న అర్జీని బొడ్లో దోపుకున్నాడు. మూడోవాడు వాడిని వాటేసుకున్నాడు, రెండోవాడు మూడోవాడిని, సింగన్న అందరినీ. ఎనిమిది కాళ్ళతో బయల్దేరి, మజిలీకొకడు చొప్పున విడిపోయారు. గురువారానికి తాసీల్దారు కచేరీకి పైడన్న ఒక్కడే చేరాడు.

శుక్రవారం తాసీల్దారు వచ్చి కంచె పీకించాడు. ఊరంతా బీడులో చేరింది. కరణం పళ్ళు నూరుతూ, ఎవరు రాశారని అన్నదమ్ములను నిలదీశాడు. "చంపినా చెప్పం" అన్నారు.

"ఇక నూకాలమ్మకు చెప్పొద్దామన్నా" అన్నాడు పైడన్న.

"రహస్యం కదా, నేను చెబుతాను" అని సింగన్న గట్టిగా కళ్ళు మూసుకుని, జనాన్ని తడుముకుంటూ వెళ్ళి, ఒక చెవి దొరకబుచ్చుకుని మెల్లగా అన్నాడు.

"నూకాలమ్మా, అర్జీ రాసింది నువ్వేనని కరణానికి చెప్పలేదు. హాయిగా పడుకో."

ఆ చెవిన కలం ఉంది.