బొట్టు కింద పగులు

అనగనగా జంతువులే ఇళ్లు కట్టుకుని, కరెంటు కూడా పెట్టించుకున్న అడవి ఒకటి ఉండేది. అక్కడ ఇళ్లకు తీగలు లాగే పని చారలయ్య అనే ఉడుతది.

చెంగలి అనే కుందేలు కొత్త ఇల్లు కట్టుకుంది. మర్నాడే గృహప్రవేశం. పాపం, మేత కోసం ఆమె చాలా దూరం పోవాలి. అంతసేపూ పిల్లలు ఒంటరిగా ఉండాలి. దీపాలు తక్కువైనా ఫరవాలేదు, పిల్లలకు ఏ హానీ రాకుండా చూడమని చారలయ్యను వేడుకుంది.

బోర్డు బిగిస్తుండగా బ్రేకరు చారలయ్య చేయి జారి రాతినేల మీద పడింది. తీగల్లో తేడా వస్తే తనంతట తానే పడి కరెంటును ఆపే మీట అది. దాని ఒక పక్క వెంట్రుకంత పగులు వచ్చింది.

సాయానికి వచ్చిన తొండ బావ తల ఊపాడు. మీట కదులుతోందిగా, బిగించెయ్యమన్నాడు. చారలయ్య బిగించాడు. మనసొప్పక విప్పాడు.

జిగురుతో అతికించమన్నాడు తొండ. చారలయ్య అతికించాడు. అయినా మనసు ఊరుకోలేదు.

తొండ నవ్వాడు. "ఎలాగూ కొత్త బోర్డుకు పసుపు బొట్టు పెడతారు. అదేదో పగులు మీదే పెట్టు. ఎవరు చూడొచ్చారు?"

చారలయ్య వేలితో పసుపు తీశాడు. అంతలో చెంగలి వచ్చి, సరిగ్గా ఆ బోర్డు కిందే పిల్లలకు గడ్డి పరుపు వేసింది.

"నేను లేనప్పుడు వీళ్లను కనిపెట్టుకునేది ఇదేగా, అన్నయ్యా," అంది.

చారలయ్య వేలు తుడుచుకున్నాడు.

"ఇది నా చేతిలోంచి పడింది, చెల్లెమ్మా. లోపల ఏమైందో నాకు తెలియదు. తెలియనిదాన్ని నీ పిల్లల తల మీద పెట్టలేను. కొత్తది ఏటి అవతల నుంచి రావాలి. రేపటికి అందదు."

చుట్టాలందరినీ పిలిచి చీకటింట్లో పాలు పొంగిస్తావా అని తొండ ఎగతాళి చేశాడు. చెంగలి పిల్లల వంక చూసింది. తర్వాత, పొయ్యి ఉంది, ప్రమిదలున్నాయి, చాలంది. తెల్లవారి పాలు పొంగాయి.

కొత్త బ్రేకరు వచ్చాక, చారలయ్య అందరినీ దూరంగా నిలబెట్టి తన కొట్టు వాకిట్లో పాతదాన్ని పరీక్షించాడు. కథ వింటున్న మీరు మాత్రం అలాంటివి ముట్టుకోకండి, నాన్నా. కావాలనే తేడా కల్పించినా దాని మీట పడలేదు. తీగ భగ్గుమంది. తొండ తల ఊపడం మరిచిపోయాడు.

చెంగలి పిల్లలను దగ్గరకు తీసుకుంది. కొత్త బోర్డుకు బొట్టు పెట్టి, వేలికి మిగిలిన పసుపును చారలయ్య నుదుటికి అద్దింది.

పిల్లలూ, చేయి జారడం ఎవరికైనా జరిగేదే; జారిన సంగతి దాచడమే తప్పు.