రెండో పొయ్యి

నీలమ్మ ఇంట్లో రెండో పొయ్యి మీద ఎవరికి వంట అవుతోందో నీలమ్మ చెప్పలేదు. చెన్నవీరయ్యకు వచ్చిన చిక్కల్లా అదే.

బండలపేటలో డెబ్భై రెండు ఇళ్ళ లెక్క తేలింది. ఈ ఒక్క ఇల్లు తేలలేదు. ఎల్లుండి దివాణం మనిషి వచ్చేసరికి జాబితా సిద్ధంగా ఉండాలి.

లెక్క దేనికంటే, ఇంటి పన్నుకు. ఆ ఊళ్ళో తాతల నాటి నుంచీ పన్ను గుమ్మాల మీద ఉండేది. ఎన్ని గుమ్మాలుంటే అంత పన్ను. అందుకని ఎవరూ పెరటి గుమ్మం పెట్టుకోలేదు. పశువులూ, పెళ్ళివారూ, పాడె, అన్నీ ఆ ఒక్క వీధి గుమ్మంలోంచే పోయేవి. పైవాళ్ళు ఎంత తెలివిగా పన్ను వేస్తే కిందివాళ్ళు అంత ఇరుకుగా బతకడం అలవాటు చేసుకుంటారు. అందులో బండలపేటవాళ్ళు ఎవరికీ తీసిపోరు.

తర్వాత మూడేళ్ళు వానలు మొహం చాటేశాయి. మగ్గాలు మూలపడ్డాయి. పన్ను బకాయిలు పేరుకుపోయాయి. అప్పుడు దివాణం నుంచి చాటింపు వచ్చింది. ఇక గుమ్మాల లెక్క లేదు, పొయ్యిల లెక్క. ఒకే పొయ్యి ఉన్న ఇంటికి మూడేళ్ళ బకాయీ మాఫీ, ముందు ముందు సగం పన్ను. రెండో పొయ్యి కనబడితే ఆ ఇంట్లో ఇంకొకరి సంసారం ఉన్నట్టు. ఆ పొయ్యి మీద తినేదెవరో చెబితే దాని పన్ను తినేవాళ్ళ మీద పడుతుంది, ఇంటివాళ్ళ మాఫీ ఇంటివాళ్ళకు ఉంటుంది. చెప్పకపోతే మాఫీ పోతుంది. బకాయి కట్టలేకపోతే ఇల్లు జప్తు.

ఊరు నోరు తెరుచుకుని విన్నది. తగ్గించారని సంతోషించాలో, లెక్క మార్చారని భయపడాలో ఒక్కరికీ అర్థం కాలేదు. సాయంత్రానికల్లా మాత్రం ఇంటింటా రెండో పొయ్యి కూలగొడుతున్న చప్పుడు వినబడింది. పక్కపక్క గదుల్లో పదేళ్ళుగా వేరు కాపురాలు పెట్టుకుని మాటలు మానేసిన అన్నదమ్ములు ఆ పూట ఒకే గంజి తాగారు.

ఈ లెక్కకు కరణాన్ని పంపితే ఏమవుతుందో దివాణానికి బాగా తెలుసు. అందుకని మఠానికి కబురు పెట్టారు. చదువొచ్చినవాడు, ఎవరి దగ్గరా ఏమీ ఆశించనివాడు ఒకడు కావాలన్నారు. మఠంలో ఉన్నది ఇద్దరే. డెబ్భై దాటిన రేవణస్వామి, ఆయన దగ్గర ఆరేళ్ళుగా ఉంటున్న చెన్నవీరయ్య.

"వెళ్ళిరా" అన్నారు స్వామి.

చెన్నవీరయ్య పొంగిపోయాడు. పైకి కనబడనివ్వలేదు గాని, పొంగిపోయాడు. నిజం రాయడానికి దివాణమే మనిషిని వెతుక్కుంటూ వచ్చి తన దగ్గర ఆగిందంటే మాటలా?

లెక్క కూడా అంత గట్టిగానే చేశాడు. బుట్ట కింద దాచిన పొయ్యిని పట్టుకున్నాడు. పొదిగే కోడిని లేపి దాని కింది పొయ్యిని పట్టుకున్నాడు. ఒక ఇంట్లో ముసలమ్మ గోడ పక్కన పీట మీద కూర్చుని ఎంతకీ లేవకపోతే, ఆమెను మర్యాదగా చేయి పట్టి లేపి, పీట తీసి చూశాడు. బూడిద ఇంకా వెచ్చగా ఉంది. అందరూ తిట్టుకుంటూనే తినేవాళ్ళ పేర్లు చెప్పారు, అతను రాసుకున్నాడు.

నీలమ్మది ఆఖరి ఇల్లు. ఆమె నూలు వడికి బతుకుతుంది. భర్త పోయి ఎనిమిదేళ్ళు. రెండు గదుల ఇల్లు, మూడేళ్ళ బకాయి. ఒంటరి మనిషి, ఒంటి పొయ్యి, మాఫీ ఖాయం అనుకుంటూ లోపలికి వెళ్ళిన చెన్నవీరయ్య వెనక గదిలో రెండో పొయ్యి చూసి నిలబడిపోయాడు.

ఆమె దాన్ని దాచలేదు. కూలగొట్టనూ లేదు. అలికి, ముగ్గు పెట్టి ఉంది. ముందు గదిలో పొయ్యి కంటే ఇదే శుభ్రంగా ఉంది.

ఎవరైనా అద్దెకున్నారా అని అడిగాడు. లేరంది. చుట్టాలున్నారా అంటే లేరంది. మరి ఈ పొయ్యి మీద వంట ఎవరికని అడిగితే తల దించుకుంది. పేరు ఒక్కటి చెబితే చాలని, ఆమె ఇల్లు ఆమెకు దక్కుతుందని, చెప్పకపోతే వీధిన పడుతుందని అతను విడమరిచి చెప్పాడు. గట్టిగా కూడా చెప్పాడు.

"అది చెప్పేకి లేదు సామీ" అంది నీలమ్మ.

ఎవరో మగమనిషి అయి ఉంటాడని చెన్నవీరయ్యకు తోచింది. తోచినందుకు సిగ్గుపడ్డాడు, కాని ఆ ఆలోచనను పోనివ్వలేదు కూడా. తేలని పొయ్యిని మూసి ముద్ర వేయమని దివాణం ఉత్తర్వు. నీళ్ళడిగి, మట్టి తడిపి, తన చేతులతోనే ఆ పొయ్యి నోరు పూడ్చాడు. తడిమట్టి మీద దివాణం ముద్ర ఒత్తాడు. ఆమె పక్కన నిలబడి చూసింది. పొయ్యిని కాదు, అతని మొహాన్ని.

"ఎన్ని దినాలు ఇట్లా?" అని అడిగింది.

"రెండు రోజులు. దివాణం మనిషి వచ్చేదాకా. ఆ తర్వాత వాళ్ళ ఇష్టం."

"రెండు దినాలంటే చానా సామీ."

ఇల్లు పోతుందంటే ఏడవని మనిషి పొయ్యి మూతపడిందని దిగులు పడటం చెన్నవీరయ్యకు వింతగా అనిపించింది. జాబితాలో ఆమె పేరు రాసి, మూడేళ్ళ బకాయి అని రాసి, తినేవారు అన్నచోట ఖాళీ వదిలి బయటికొచ్చాడు.

మర్నాడు మఠానికి భిక్ష రాలేదు.

ఆ మఠంలో నిప్పు రాజేయరు. అది పాత నియమం. తెల్లవారేసరికి వెనక గోడ కొక్కేనికి ఒక బుట్ట వేలాడుతూ ఉంటుంది. జొన్నరొట్టెలు, పుంటికూరో పప్పో ఏదో ఒకటి. ఎవరు పంపారని అడగకూడదు, పొంచి చూడకూడదు. పంపినవాళ్ళు కూడా ఊళ్ళో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే పెట్టిన ఫలం పోతుందంటారు. ఊరంతా వంతులేసుకుని పంపుతున్నారని చెన్నవీరయ్య అనుకునేవాడు. ఈ మధ్య రొట్టెలు పలచబడ్డాయని మనసులో విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ రోజు కొక్కెం ఖాళీగా ఉంది. స్వామి ఎప్పటిలాగే రెండు విస్తళ్ళు వేసి, నీళ్ళు చల్లి, ఒకదాని ముందు కూర్చున్నారు. చెన్నవీరయ్య రెండోదాని ముందు కూర్చున్నాడు. కాసేపయ్యాక స్వామి ఖాళీ విస్తరికి దండం పెట్టి, "పెట్టిన చేయి చల్లగా ఉండాలి" అన్నారు. రోజూ తిన్నాక అనే మాటే. విస్తరి మడిచి, చేయి కడుక్కుని లేచారు.

చెన్నవీరయ్యకు ఏమీ బోధపడలేదు. మంచినీళ్ళు తాగి ఊరుకున్నాడు.

రెండో రోజూ అంతే. ఖాళీ కొక్కెం, రెండు విస్తళ్ళు, మంచినీళ్ళు. స్వామి మళ్ళీ దండం పెట్టి, మళ్ళీ అదే మాట అన్నారు. లేవబోతూ ఆయన గోడ పట్టుకున్నారు. అది చూసి చెన్నవీరయ్యకు ఒళ్ళు మండింది.

ఊరు మన మీద పగబట్టింది స్వామీ అన్నాడు. నిజం రాశానని అన్నం ఆపేశారన్నాడు. దాచుకున్న పొయ్యిలు బయటపెట్టినందుకు నా మీద కోపం ఉంటే ఉండనీ, ఈ వయసులో మిమ్మల్ని పస్తు పెడతారా, ఇదేం ఊరు, ఇదేం భక్తి అన్నాడు. ఆకలి కూడా తోడై చాలానే అన్నాడు.

స్వామి చివరిదాకా విన్నారు.

"ఊళ్ళో ఎన్ని పొయ్యిలు మూశావు నాయనా?"

"ఒకటే స్వామీ."

స్వామి తన విస్తరి మడుచుకుని చేయి కడుక్కోవడానికి వెళ్ళారు.

చెన్నవీరయ్య లేవలేదు. ముగ్గు పెట్టిన పొయ్యి, ఆమె చూసిన చూపు, రెండు రోజులంటే చాలా రోజులన్న మాట, ఒక్కొక్కటీ వచ్చి గుండెల మీద కూర్చున్నాయి. ఇంటివాళ్ళు వండుకునే పొయ్యి మీద మఠానికి వండకూడదని ఎప్పుడో విన్న మాట ఇప్పుడు గుర్తొచ్చింది. ఎవరో మగమనిషి అనుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళు. ఒకడు తనే.

జాబితా తెచ్చి విప్పాడు. నీలమ్మ, మూడేళ్ళ బకాయి. తన అక్షరాలే. ఈ మూడేళ్ళలో బుట్ట రాని రోజు ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఒక్కటి కూడా లేదు. పన్నుకు లేని గింజలు ఈ బుట్టలోకి ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు అర్థమై, ఉన్నవాడు ఉన్నట్టే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అలా ఎంతసేపు కూర్చునేవాడో గాని, మధ్యాహ్నానికి దివాణం మనిషి గుర్రం దిగాడు. ఎండన పడి వచ్చాడు, తొందరలో ఉన్నాడు. జాబితా అందుకుని వేలితో ఇంటింటి పేరూ చూసుకుంటూ పోయి ఆఖరి వరస దగ్గర ఆగాడు.

"ఇక్కడ తినేవాళ్ళ పేరు లేదే. దాచిందా? అయితే మాఫీ కొట్టెయ్. ఇల్లు జప్తులో రాసుకుంటాను."

"ఆగండి" అన్నాడు చెన్నవీరయ్య. "అది నేను రాయడం మరిచాను."

స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చెన్నవీరయ్య ఆయన వైపు చూశాడు. పెట్టినవాళ్ళ పేరు అడగకూడదని నియమం, పెట్టినవాళ్ళు చెప్పుకోకూడదని నియమం. తిన్నవాడు తిన్నానని చెప్పకూడదని మాత్రం ఎక్కడా లేదు. రెండు రోజుల పస్తుతో ఆయన మొహం ఎండిన ఆకులా ఉంది.

చెన్నవీరయ్య కలం ముంచి, ఖాళీగా ఉన్నచోట తన పేరు రాశాడు.

దివాణం మనిషి ఆ పేరు చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత ఎదురుగా ఉన్న కావిగుడ్డల మనిషిని పైనుంచి కిందికి చూశాడు. ఈ ఉద్యోగంలో అతను ఎన్నో రకాల అబద్ధాలు చూశాడు గాని ఇటువంటి నిజం చూడలేదు.

"పన్ను నీ మీద పడుతుంది, తెలుసా?"

"తెలుసు."

"కట్టడానికి నీ దగ్గరేముంది?"

"ఏమీ లేదు."

"కట్టలేనివాడు నాలుగు నెలలు కోట గోడకు రాళ్ళు మొయ్యాలి. ఎండాకాలం పని. బాగా ఆలోచించుకో, ఇంకా ముద్ర పడలేదు."

నీలమ్మ ఇల్లు నీలమ్మకే ఉంటుందా అని చెన్నవీరయ్య అడిగాడు. ఉంటుందని, బకాయి కూడా మాఫీ అవుతుందని దివాణం మనిషి చెప్పాడు. అయితే ఆలోచించుకునేది ఏమీ లేదన్నాడు చెన్నవీరయ్య. అప్పుడతను తలుచుకున్నది రాళ్ళను కాదు. ఆరేళ్ళ పాటు ఒక మనిషి తనను సాకుతుంటే, ఆ మనిషి ముందే నిలబడి నువ్వెవరికి వండుతున్నావని గద్దించిన తన గొంతే తనకు వినబడింది.

దివాణం మనిషి తల పంకించి, జాబితా చుట్టబోయాడు. చెన్నవీరయ్య కలం కింద పెట్టాడు.

అరుగు మీద నుంచి రేవణస్వామి మెల్లగా లేచి వచ్చారు. జాబితా మీద వంగి శిష్యుడి పేరు చూశారు. దాని పక్కన ఇంకా కొంచెం చోటు ఉంది.

"ఒక్కడివే తిన్నావా నాయనా?" అన్నారు.