గొర్రె కాలు ఆనేదాకా

1967 ఏప్రిల్ 11, మంగళవారం. పొద్దున్న పల్చటి మబ్బు, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ, సాయంత్రం సముద్రం గాలి. అప్పుడు నేను బి.ఎ. పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క ఊళ్ళోనే ఉండేవాణ్ణి. పనిలేనివాడు డైరీలో వాతావరణం కాక ఏం రాస్తాడు! ఆ డైరీని చెదలు తిన్నాయి గానీ ఈ పేజీ మిగిలింది.

ఆ సాయంత్రమే నా తోటి ఆటగాడు పైడిరాజు కాలు బెణికింది.

మాది తప్పెటగుళ్ళ మేళం. రొమ్ము మీద రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు ఘల్లుమనేలా గెంతుతూ గంగమ్మ కథ పాడతాం. అందరం గొర్రెల కాపర్ల ఇళ్ళవాళ్ళమే. మా గురువు ముత్యాలుకి అరవై దాటాయి. ఆ ఏడు జాతరలో ముందు నిలబడి మేళం నడిపే చోటు పైడిరాజుకి ఇస్తానన్నాడు. జాతర ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ చోటు మీద నాకూ ఆశ ఉండేది. దాచడమెందుకు?

సాధన చేస్తూ గెంతి దిగడంలో పైడిరాజు పాదం పక్కకి మడతపడింది. ఎవరికీ చెప్పలేదు. వాపు కనబడకుండా గుడ్డ బిగించి, దానిమీద గజ్జెలు కట్టి మూడు రోజులు గెంతాడు. గజ్జె కట్టిన కాలు నొప్పి అనకూడదని మావాళ్ళకో మాట ఉంది. ఎవడన్నాడో గానీ, వాడు గెంతి ఉండడు. నాలుగోనాడు ముడి ఊడి రాలేదు. గురువు కత్తి తెచ్చి తాడు కోశాడు. చీలమండ వంకాయలా ఉంది.

ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఇక్కడ నొప్పా?"

"నేదు గురువా."

"ఇక్కడ?"

పైడిరాజు పళ్ళు బిగించాడు.

"లేచి నాలుగడుగులెయ్యి."

కుంటుతూ వేశాడు.

"ఎముక బాగుంది. నరం సాగింది," అన్నాడు గురువు.

"జాతరలో ఆడగలనా గురువా?"

గురువు మందలోకి వెళ్ళి ఒక నల్లగొర్రెని ఎత్తుకొచ్చాడు. ముందురోజే గట్టు దూకి అదీ ముందరికాలు బెణికించుకుంది. దాన్ని పైడిరాజు పక్కన దించి, వాడి గజ్జెలు తీసి దాని మెడకి కట్టాడు.

"ఇది నాలుగు కాళ్ళూ ఆన్చి నిలబడ్డనాడు గజ్జెలడుగు."

"ఎన్నాళ్ళు పడతాది?"

"దాన్నే అడుగు."

పాకలో ఇద్దరూ పడుకున్నారు. పైడిరాజు కాలు గోనెమూట మీద, దానిమీద కుండనీళ్ళలో తడిపిన గుడ్డ. గొర్రె అందినంత మేర మేసి, మళ్ళీ ఒరిగేది. కాలు కింద పెట్టనే లేదు. అయిదోనాడు గిట్ట కొస నేలకి తాకించి, వెంటనే తీసేసింది. పైడిరాజు నన్ను కేకేసి మరీ చూపించాడు.

మర్నాడు వాడే ఆగలేకపోయాడు. దాని కాలు పట్టుకుని నేలకి అదిమాడు. గొర్రె అరిచి కూలబడింది. తరువాత రెండు రోజులు గిట్ట కొస కూడా తాకించలేదు.

"దానిమీద కోపమేటిరా?" అన్నాడు అది అరిచినప్పుడే వచ్చిన గురువు.

"జాతరింక నాలుగ్రోజులే గురువా. ఇది లేవదేటి?"

"దానికి జాతర తెలీదు."

పైడిరాజు చాలాసేపు తన కాలు కేసి చూశాడు. చిన్నగా ఎత్తి మళ్ళీ మూట మీద పెట్టుకున్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేను బయటికి వచ్చేశాను. నాకు సంతోషంగా ఉంది మరి.

జాతరనాడు మేళం నడిపే చోటు నాకిచ్చారు. గంగమ్మ గట్టు ఊరికి అర మైలు. గురువు చేతికర్ర ఇచ్చి పైడిరాజుని అందరికంటే ముందు నడిపించాడు. వాణ్ణెవరూ దాటకూడదన్నాడు. మందలో కుంటిగొర్రె ఉంటే కాపరి తక్కినవాటిని దాని నడకకే ఆపుతాడు. మేమూ గజ్జెలు కట్టుకుని అలాగే, అడుగులో అడుగేసుకుంటూ పోయాం.

"ఏం ముత్యాలూ, ఇప్పుడా రావడం?" అని కసిరాడు ఊరిపెద్ద.

"మందతో వచ్చాం బాబూ," అన్నాడు గురువు.

పైడిరాజు కూర్చునే తప్పెట వాయించాడు. నేను ఆడాను, జనం ఈలలు వేశారు. ఇక ఆ చోటు నాదే అనుకున్నాను.

మరో తొమ్మిది రోజులకి గొర్రె నాలుగు కాళ్ళ మీదా నిలబడింది. పైడిరాజు గజ్జెలడిగాడు. గురువు బెణికిన కాలొక్కదానిమీద కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు. వాడు తూలి పడబోయాడు.

"కాలికి నేల మరుపొచ్చిందిరా. గుర్తు చెయ్యి," అన్నాడు గురువు. వాడు రోజూ గుర్తుచేశాడు. గజ్జెలు మళ్ళీ కట్టేసరికి ఆషాఢం వచ్చింది. పై ఏటినుంచి మేళం వాడే నడిపాడు.

ఏడేళ్ళకి గురువు మంచం పట్టాడు. ఉన్నవి తానే పంచాడు. గొర్రెలు కూతురు అసిరమ్మకి. గొంగళీ చేతికర్రా అల్లుడికి. తప్పెట, గజ్జెలు పైడిరాజుకి. నా పేరెత్తలేదు.

"గురువా, నాకేటీ నేదా? ఆ ఏడు జాతర నడిపింది నేనే కదా?"

దగ్గరికి రమ్మన్నాడు. మంచం మీంచి వంగి, బొటనవేలితో నా చీలమండలు రెండూ నొక్కి చూశాడు.

"బాగున్నాయి బీయే బాబూ," అన్నాడు జాలిగా. "ఒక్కసారీ బెణకనేదు."